ఆకు తెల్లబడితే బలం మందు పోయకండి: అల్బినో, వేరిగేటెడ్ మొక్కల తిండి సంగతులు

ఆకుమళ్ళు పోసే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఎరువుల కొట్టు దగ్గర నిలబడినా ఒక మాట వినపడుతుంది: "ఆకు తెల్లగా వస్తోంది, ఏదైనా బలం మందియ్యండి." వరండాలో కుండీలు పెంచేవాళ్ళదీ అదే మాట. కడియం నర్సరీల లారీ వచ్చినప్పుడు ఇష్టపడి కొన్న తెల్లమచ్చల (వేరిగేటెడ్) మనీప్లాంట్ నాలుగు నెలలకి పూర్తిగా తెల్ల ఆకులు వేస్తుంది, లేదా పూర్తిగా పచ్చబడిపోతుంది. వెంటనే యూరియా, పాలు, టీ పొడి, పంచదార నీళ్ళు అన్నీ కుండీలో పడతాయి.

ఆకు తెల్లబడటానికి అరడజను పైగా కారణాలున్నాయి. వాటిలో మందుతో బాగుపడేవి ఒకటి రెండే. మిగతావాటికి పోసినది దండగ, కుండీ మొక్క విషయంలో అయితే చాలాసార్లు ఆ పోసిందే వేరును చంపుతుంది. అందుకని మొక్కకు తిండి ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూసి, తర్వాత ఏ తెలుపుకి ఏం చేయాలో చూద్దాం.

మట్టి ఇచ్చేది తిండి కాదు

ఎండబెట్టిన మొక్కను తూచి విడగొడితే సుమారు 95 శాతం కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్ ఉంటాయి. ఇవి గాలి నుంచి, నీటి నుంచి వచ్చినవి. మట్టి ఇచ్చిన నత్రజని, భాస్వరం, పొటాష్, ఇనుము, జింకు అన్నీ కలిపినా మిగిలిన ఆ కాస్తే. వాన్ హెల్మాంట్ అనే ఆయన దాదాపు 90 కిలోల ఎండు మట్టిలో రెండుంపావు కిలోల విల్లో మొక్క నాటి, అయిదేళ్ళు నీళ్ళు మాత్రమే పోసి పెంచాడు. చెట్టు 76 కిలోలు దాటింది. మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 60 గ్రాముల లోపే. ఆయన పోయాక 1648లో ఈ లెక్క అచ్చయింది. బరువంతా నీటి నుంచే వచ్చిందని ఆయన అనుకున్నాడు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు పాత్ర తర్వాతి తరాలవాళ్ళు తేల్చారు. మట్టి మటుకు తిండి పెట్టలేదన్న సంగతి అప్పుడే తేలిపోయింది.

వంటింటి లెక్కలో చెప్పాలంటే గిన్నెలు, ఉప్పు, పసుపు మట్టి ఇస్తుంది. బియ్యం మాత్రం ఆకు పండించుకోవాలి. ఆ పని చేసేది ఆకులోని పచ్చదనం, పత్రహరితం. ఎండ తగిలితే అది గాలిని, నీటిని కలిపి చక్కెర చేస్తుంది. పచ్చదనం లేని చోట చక్కెర తయారు కాదు. అక్కడ ఎంత డీఏపీ ఎరువు గుమ్మరించినా, వండడానికి బియ్యమే లేనప్పుడు గిన్నెలు పెంచి లాభం లేదు.

అల్బినో మొలక, అంటే పుట్టుకతోనే పచ్చదనం లేని మొలక, ఎందుకు చనిపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. వరి ఆకుమడిలో వేల పచ్చ మొలకల మధ్య ఒకటో రెండో పాలలా తెల్లగా లేస్తాయి. మొక్కజొన్నలోనూ, నిమ్మజాతి మొలకల్లోనూ ఇలాంటివి కనిపిస్తాయి. వాటికి పత్రహరితం తయారుచేసే జన్యువులోనే లోపం. గింజలో తల్లి దాచిపెట్టిన పిండి ఉన్నన్నాళ్ళు పచ్చవాటితో సమానంగానే లేస్తాయి. అందుకే మొదట్లో మోసపోతాం. వరి, మొక్కజొన్నల్లో మూడో ఆకు, నాలుగో ఆకు దగ్గరికొచ్చేసరికి, అంటే రెండు మూడు వారాల్లో, గింజ ఖాళీ అయి మొలక వాలిపోతుంది. మామిడి టెంకలా గింజ పెద్దదైతే ఇంకొన్నాళ్ళు లాగుతుంది. అంతకుమించి తేడా లేదు.

"పంచదార నీళ్ళు పోస్తే బతకదా?" అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. ప్రయోగశాలలో నిజంగానే బతికిస్తారు. 1962లో మురాషిగె, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు తయారుచేసిన పోషక మిశ్రమంలో లీటరుకి 30 గ్రాముల పంచదార కలిపి, అగర్‌తో గట్టిపరిచి, సూక్ష్మజీవి అనేది లేకుండా చేసిన సీసాలో అల్బినో మొక్కలను పెంచవచ్చు. కుండీలో ఆ శుభ్రత కుదరదు. పోసిన పంచదారని మట్టిలోని బూజు, బాక్టీరియా ముందు తింటాయి. అవి పెరిగేటప్పుడు మట్టిలో ఉన్న నత్రజనిని, గాలిని కూడా వాడేసుకుంటాయి. చీమలు చేరతాయి. పాకం చిక్కనైతే వేరులోని నీరే బయటికి వచ్చేస్తుంది. చివరికి వేరు కుళ్ళుతుంది. పాలు, బెల్లం నీళ్ళు, గంజి, ఏది పోసినా ఇదే వరస.

ఏ తెలుపో తేల్చుకోవడం

మొక్క దగ్గర కూర్చుని మూడు విషయాలు చూడండి. తెలుపు కొత్త ఆకులో ఉందా, పాత ఆకులో ఉందా? ఈనెలు పచ్చగా ఉన్నాయా, ఈనెలే తెల్లబడ్డాయా? ఒక్క మొక్కలోనే ఉందా, మడిలో ఒక చెక్కంతా అలాగే ఉందా?

మడిలో ఒకచోట గుంపుగా, కొత్త ఆకులు ముందు ఈనెల మధ్య పసుపై, తర్వాత మొత్తం తెల్లబడుతుంటే అది అల్బినో కాదు, ఇనుప ధాతు లోపం. మెట్ట ఆకుమళ్ళలో, నీరు నిలవని మడుల్లో ఇది ఎక్కువ. మట్టిలో ఇనుము లేక కాదు, మన ఎర్రనేలల ఎరుపే ఇనుము. నీరు నిలిచిన మట్టిలో అది కరిగే రూపానికి మారుతుంది, ఆరిన మట్టిలో తుప్పులా బిగుసుకుని వేరుకి అందదు. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 2 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ఎండ తగ్గాక ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. వారం లోపు తేడాతో రెండు మూడు సార్లు కొట్టాలి. వీలుంటే మడిలో పల్చగా నీరు నిలపండి. నిమ్మ ఉప్పు మానేస్తే అన్నభేది గాలి తగిలి తుప్పురంగుకి తిరుగుతుంది, ఆ నీళ్ళు ఆకుకి పనికిరావు. కలిపిన మందు లేత పచ్చరంగులో ఉండాలి, నారింజరంగుకి మారితే పారబోయండి. 20 గ్రాముల మోతాదు వరి ఆకుమడికి మాత్రమే. పూలమొక్కలకి, కుండీలకి లీటరుకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు మించితే ఆకు మాడుతుంది.

అనుమానం తీరడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఆ 5 గ్రాముల ద్రావణంలో దూది ముంచి, తెల్లబడిన లేత ఆకులో ఒక సగానికి మాత్రమే రాయండి. రెండో సగం అలాగే వదిలేయండి. సాయంత్రం పూట రాస్తే మంచిది. నాలుగు నుంచి ఏడు రోజుల్లో రాసిన సగం పచ్చబడుతూ కనపడితే ఇనుము లోపమే. ఏ మార్పూ లేకపోతే ఇనుము కారణం కాదు. పుట్టుకతో వచ్చిన తెలుపు మీద ఎన్నిసార్లు రాసినా పచ్చ చుక్క రాదు. ఎకరాకి డబ్బు పెట్టే ముందు ఒక ఆకు మీద ఈ పని చేయడం అందరికీ మంచిది.

మొక్కజొన్నలో లేత ఆకుల మొదలు దగ్గర, నడిమి ఈనెకి రెండు పక్కలా వెడల్పాటి తెల్లని పట్టీలు వస్తే జింకు లోపం. తెల్ల మొగ్గ అంటారు. లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేట్ చొప్పున వారం తేడాతో రెండుసార్లు కొడితే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. డీఏపీ ఎక్కువ పడిన చేలల్లో ఈ లోపం ముదురుతుంది, ఎందుకంటే భాస్వరం ఎక్కువైతే జింకు అందుబాటు తగ్గుతుంది. అదే కారణంగా ఆ రెంటినీ ఒకే ట్యాంకులో కలపకూడదు.

పక్క చేలో మొక్కజొన్నకి కలుపుమందు కొట్టిన వారానికి మన కూరగాయ మొక్కల లేత ఆకులు సున్నం పూసినట్టు తెల్లబడితే, గాలికి కొట్టుకొచ్చిన మందు అనుకోవాలి. టెంబోట్రయోన్ రకం మందులు పత్రహరితానికి కాపలా ఉండే రంగుపదార్థాలను ఆపేస్తాయి, దాంతో ఎండకి పచ్చదనం కరిగిపోతుంది. దీనికి విరుగుడు ఎరువు లేదు. పడింది కొద్దిగానే అయితే కొత్త చిగురు పచ్చగా వస్తుంది, అప్పటిదాకా తడి ఇచ్చి ఊరుకోవడమే.

ఇనుము లోపంలో ఈనెలు పచ్చగా ఉండి మధ్య తెల్లబడుతుందని చెప్పుకున్నాం. బెండలో దీనికి తలకిందులుగా ఈనెలే పసుపై వలలా కనిపిస్తే అది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. వరి తర్వాత వేసే మినుములో ఆకు మీద పసుపు, పచ్చ మచ్చలు కలిసి ఉండేదీ అలాంటిదే. చూసిన మొక్కను చూసినట్టే పీకేయాలి, తెల్లదోమను అదుపు చేయాలి, వచ్చే పంటకి టీబీజీ 104, ఎల్‌బీజీ 787 లాంటి తట్టుకునే రకాలు వేసుకోవాలి. చెరుకు దుబ్బులో సన్నని, పాలిపోయిన పిలకలు గడ్డిలా గుంపుగా వస్తే గడ్డి దుబ్బు తెగులు. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ఆ తోట నుంచి ముచ్చెలు (నాటే చెరుకు ముక్కలు) తీయకూడదు.

ఇక టార్పాలిన్ కింద, ఇటుక కింద మొలిచిన మొలక లేతపసుపుగా ఉంటుంది. దాన్ని వెలుతురులో పెడితే రెండు రోజుల్లో పచ్చబడుతుంది. పచ్చబడకపోతే అల్బినో.

వేరిగేటెడ్ అంటే జబ్బు కాదు, కానీ అన్నీ ఒకటీ కాదు

అంచు తెల్లగా ఉండే వాము ఆకు, తెల్లమచ్చల మందార, పసుపు అంచు స్నేక్ ప్లాంట్, కెలాడియం, వెండి మచ్చల పీలియా అన్నిటినీ నర్సరీలో ఒకే పేరుతో అమ్ముతారు. లోపల మూడు నాలుగు రకాలున్నాయి. పిలక తీసేటప్పుడు, అంటు కట్టేటప్పుడు ఈ తేడా తెలియకపోతే మొక్క మన చేతిలో మారిపోతుంది.

మొదటి రకంలో కొనచిగురులోనే రెండు రకాల కణాలు కలిసి ఉంటాయి, ఒక పొర పచ్చది, ఒక పొర పచ్చదనం లేనిది. ఆకు అంచు ఒక పొర నుంచి, నడిమి భాగం ఇంకో పొర నుంచి తయారవుతుంది. పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఇలాంటిదే. దాని ఆకును ముక్కలు చేసి ఇసుకలో గుచ్చితే పిలకలు వస్తాయి గానీ మామూలు పచ్చవి వస్తాయి, అంచు ఉండదు. కొత్త మొగ్గ లోపలి పచ్చ కణాల నుంచి పుట్టడమే కారణం. "మట్టి బలం చాలక రంగు పోయింది" అనుకుని ఎరువు వేసేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. అంచు నిలవాలంటే దుంపను విడదీయడం ఒక్కటే దారి. జూన్‌లో కుండీ బోర్లించి, రెండు మూడు ఆకులున్న పిలకను దుంప ముక్కతో సహా శుభ్రమైన కత్తితో కోసి, కోసిన చోట బూడిద అద్ది, రెండు రోజులు నీడలో ఆరనిచ్చి నాటండి. మొదటి నీళ్ళు నాలుగో రోజున పోయండి.

రెండో రకంలో మచ్చ ఎక్కడ రావాలో జన్యువే రాసిపెట్టి ఉంటుంది. కెలాడియం, కోలియస్, కలాథియా ఇందులోవి. ప్రతి ఆకూ ఇంచుమించు ఒకే అచ్చులో వస్తుంది, ఏ ముక్క నాటినా రంగు తప్పదు.

మూడో రకం మచ్చలో అసలు తెలుపే లేదు. పీలియా ఆకు మీది వెండి మెరుపు పైపొర కింద చిక్కిన గాలి మాత్రమే. ఆ మచ్చను వేలితో గట్టిగా నొక్కి చూడండి, మెరుపు తగ్గి కింద పచ్చ బయటపడుతుంది. ఈ మొక్కలకి తిండి కొరత లేదు, పచ్చ మొక్కల్లాగే చూసుకోవచ్చు.

విత్తనం సంగతికి మన పెరటి చంద్రకాంత మంచి ఉదాహరణ. 1909లో కార్ల్ కోరెన్స్ అనే శాస్త్రవేత్త మచ్చల ఆకుల చంద్రకాంతను పరీక్షించి, పచ్చ కొమ్మ పువ్వు గింజలు పచ్చ మొలకలే ఇస్తాయని, తెల్ల కొమ్మవి తెల్ల మొలకలే ఇస్తాయని, మచ్చల కొమ్మవి మూడు రకాలూ ఇస్తాయని చూపించాడు. పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చిందన్నది లెక్కలోకి రాలేదు. ఆకులోని పచ్చ రేణువులు తల్లి అండం ద్వారానే బిడ్డకి వెళ్ళడం దీనికి కారణం. కాబట్టి ఇలాంటి మొక్క గింజ దాచేటప్పుడు మొక్కను కాదు, గింజ కాసిన కొమ్మను చూసి ఏరండి. తెల్ల కొమ్మ గింజ మొలుస్తుంది, కొన్నాళ్ళలో పోతుంది. చంద్రకాంత పువ్వు రేకుల మీద కనిపించే రంగు చారల సంగతి వేరు, దీనితో కలపకండి.

ఎర్ర, ఊదా ఆకులకి కూడా పచ్చదనం లేదనుకుంటారు. ఉంది, పైన ఊదారంగు కప్పేసింది. ఒక ఊదా కోలియస్ ఆకును వేడినీళ్ళలో వేసి రెండు మూడు నిమిషాలు ఉంచండి. ఊదా నీళ్ళలోకి దిగిపోయి పచ్చ ఆకు మిగులుతుంది.

కుండీలో మచ్చల మొక్కను నిలబెట్టడం

తెల్ల మచ్చల మొక్కలో పచ్చ భాగం చేసిన చక్కెరతోనే తెల్ల భాగం కూడా పెరుగుతుంది. లేత తెల్ల ఆకు పక్కనున్న పచ్చ ఆకుల నుంచి తిండి లాక్కుంటుంది. ముదిరాక ఆ లాక్కోవడం బాగా తగ్గుతుంది, పాత తెల్ల ఆకులు ముందుగా అంచుల నుంచి ఎండటం అందుకే. అంటే మనం చూసుకోవలసింది తెలుపును కాదు, పచ్చను.

8 అంగుళాల కుండీకి ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఏటి ఇసుక ఒక పాలు, నానబెట్టి కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా మాగిన పశువుల గెత్తం గానీ వర్మీకంపోస్టు గానీ ఒక పాలు, గుప్పెడు వేపపిండి. కవిటి, కంచిలి, సోంపేట వైపు కొబ్బరి పొట్టు సులువుగా దొరుకుతుంది కాబట్టి పచ్చి పొట్టు తెచ్చి నేరుగా కలిపేస్తుంటారు. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, అది కుళ్ళేటప్పుడు మట్టిలోని నత్రజనిని లాగేస్తుంది. కింది ఆకులు పసుపై రాలతాయి. నీళ్ళలో నానబెట్టి, టీ రంగు నీళ్ళు తేటపడేదాకా మూడు నాలుగుసార్లు మార్చి వాడండి.

పచ్చదనం తక్కువ కాబట్టి ఈ మొక్కకు పచ్చ మొక్క కంటే ఎక్కువ వెలుతురు కావాలి. కానీ తెల్ల భాగానికి ఎండ తట్టుకునే రంగుపదార్థాలు లేవు, నేరు ఎండకి అది ముందు మాడుతుంది. తూర్పు వరండాలో పొద్దున్న తొమ్మిదిలోపు ఎండ సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 50 శాతం నీడవల కిందికి మార్చండి, పడమటి గోడ దగ్గర అసలు ఉంచకండి. గది లోపల పెట్టాలంటే కిటికీకి మూడు నాలుగు అడుగుల లోపే. చీకటి మూల తగిలితే తెల్ల ఆకులు ముందు పోతాయి, మిగిలిన పచ్చ కొమ్మ మొక్కంతా ఆక్రమిస్తుంది.

నీళ్ళు తక్కువ. చక్కెర తక్కువ చేసే మొక్క నెమ్మదిగా పెరుగుతుంది, నీరూ తక్కువే తాగుతుంది. పక్క పచ్చ మొక్కతో సమానంగా పోస్తే వేరు కుళ్ళుతుంది. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. తుపాను రోజుల్లో కుండీ కింది పళ్ళెం తీసేయండి. వానల్లో తెల్ల భాగం మీద గోధుమ మచ్చలు వ్యాపిస్తుంటే ఆ ఆకులు తీసేసి, లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ ఒకసారి కొట్టండి.

ఎరువు సగం. 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరుకి ఒక గ్రాము, అంటే ఒక మట్టపు టీ చెంచా అయిదు లీటర్ల నీళ్ళకి. జూన్ నుంచి అక్టోబరు దాకా మూడు వారాలకోసారి కుండీకి పావు లీటరు పోయండి. చలికాలంలో, నడి వేసవిలో మానేయండి. ముందు మామూలు నీళ్ళతో మట్టి తడిపి, తర్వాత ఇది పోయాలి. ఎక్కువైన ఎరువు ఉప్పులా పేరుకుంటుంది, కుండీ అంచున తెల్లని పొర కడుతుంది, తెల్ల ఆకుల అంచులు ముందు గోధుమరంగుకి తిరుగుతాయి. ఇది చూసి "ఇంకా బలం చాలలేదు" అని మళ్ళీ వేస్తే మొక్క దక్కదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో రెండు నెలలకోసారి కుండీ కొలతకి రెట్టింపు మంచినీళ్ళు పోసి కింది నుంచి కారనివ్వండి. వాన నీళ్ళు పట్టుకుంటే ఇంకా నయం. ఎప్సమ్ సాల్ట్, అన్నభేది తెల్ల మచ్చని పచ్చ చేయవు, పచ్చ మచ్చని తెల్లగానూ చేయవు.

కత్తిరింపు మాత్రం వాయిదా వేయకూడదు. పదిహేను రోజులకోసారి కొమ్మకొమ్మా చూడండి. పూర్తి పచ్చ కొమ్మ కనిపిస్తే, అది పుట్టిన కణుపు దాకా వెనక్కి వెళ్ళి అక్కడ కోసేయాలి. సగంలో కోస్తే మిగిలిన మొదలు నుంచి మళ్ళీ పచ్చవే వస్తాయి. తిండి ఎక్కువ చేసుకునే కొమ్మ కాబట్టి రెండు నెలలు వదిలేస్తే అది మిగతాదాన్ని మింగేస్తుంది. అలాగే వరసగా నాలుగైదు పూర్తి తెల్ల ఆకులు వేసిన కొమ్మను, మచ్చలు సమానంగా ఉన్న చివరి కణుపు దాకా తగ్గించండి. మొత్తం మీద ఆకుల్లో సగానికి తగ్గకుండా పచ్చ ఉండాలి. మొక్క నీరసంగా ఉన్నప్పుడు పచ్చ కొమ్మలన్నీ ఒకేసారి తీయకండి, దానికి తిండి పెడుతున్నవి అవే.

కొత్త మొక్క చేసుకోవడానికి మనీప్లాంట్, మాన్‌స్టెరా తీగల్లో కాడను తిప్పి చూడండి. కాడ మీద తెలుపు, పచ్చ చారలు పక్కపక్కన సాగుతుంటాయి. ఆకు కాడ మొదట్లో ఉండే మొగ్గ ఏ చార మీద ఉందో కొత్త కొమ్మ చాలావరకు ఆ రంగులోనే వస్తుంది. మొగ్గ రెండు చారల హద్దు మీద ఉన్న కణుపును ఎంచుకోండి. రెండు కణుపులు, కనీసం సగం పచ్చ ఉన్న ఒక ఆకు ఉండాలి. వానాకాలం మొదట్లో ఇసుక, కొబ్బరి పొట్టు సమానంగా కలిపి అందులో నాటితే మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. పూర్తి తెల్ల ముక్కను గాజు సీసాలో పెడితే వేరు రావచ్చు కూడా. కాడలో దాచుకున్నది అయిపోగానే కుళ్ళుతుంది.

తెల్ల భాగంలో చక్కెర తయారు కాదన్నది పిల్లలకి చూపించాలంటే మచ్చల మందార ఆకు తీసుకోండి. కుండీని రెండు రోజులు చీకటి గదిలో ఉంచి, తర్వాత అయిదారు గంటలు వెలుతురులో పెట్టి, ఒక ఆకు కోసి కాగితం మీద మచ్చల హద్దులు గీసుకోండి. ఆకును మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచి, స్పిరిట్ పోసిన గ్లాసులో వేయండి. పొయ్యి పూర్తిగా ఆర్పేశాక, ఆ గ్లాసును వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. స్పిరిట్‌ని మంట మీద పెడితే భగ్గుమంటుంది, ఈ పని పెద్దవాళ్ళే చేయాలి. ఆకు పాలిపోయాక గోరువెచ్చని నీళ్ళలో కడిగి టింక్చర్ అయోడిన్ చుక్కలు వేస్తే, పచ్చగా ఉన్న చోట చక్కెర పిండిగా మారి నిలవ ఉంది కాబట్టి నల్లటి నీలం, తెల్లగా ఉన్న చోట అయోడిన్ గోధుమరంగే. గీసుకున్న బొమ్మతో పక్కపక్కన పెట్టి చూడండి.

పచ్చదనం లేకపోయినా బతికేవి

తెల్లవన్నీ చావాల్సిందేనా అంటే, ఇంకొకరి పచ్చదనం దొరికితే అక్కర్లేదు. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవుల్లో అల్బినో రెడ్‌వుడ్లు ఉన్నాయి. అవి తల్లి చెట్టు వేరునో మొదలునో అంటిపెట్టుకుని దాని చక్కెరతోనే బతుకుతాయి. మన పొలాల్లో మినుము మీద పాకే బంగారు తీగకి వేరూ లేదు, చెప్పుకోదగ్గ పచ్చదనమూ లేదు, నీరు, లవణాలు, చక్కెర అన్నీ మినుము కాడలో గుచ్చిన పీల్చే ముళ్ళ నుంచే. వంగ, పొగాకు వేళ్ళ మీద లేచే పొగాకు మల్లెదీ అదే దారి. మామిడి కొమ్మ మీది బదనిక మాత్రం పచ్చది. అది నీరు, లవణాలు ముఖ్యంగా చెట్టు నుంచి లాక్కుని చక్కెర తనే చేసుకుంటుంది. మూడింటినీ ఒకేలా చూడకూడదు. బదనికను అది పుట్టిన చోటికి ఒక అడుగు కిందికి కొమ్మతో సహా కోయాలి. బంగారు తీగను పూతకి రాకముందే మినుము మొక్కతో సహా పీకి కాల్చాలి, ఎందుకంటే తెగిన ముక్క పక్క మొక్కకి తగిలితే మళ్ళీ అంటుకుంటుంది.

కుండీల్లో ఎర్రగా, పసుపుగా బంతిలా అమ్మే మూన్ కాక్టస్ కూడా ఇలాంటిదే. 1940ల్లో జపాన్‌లో మొదలైన పద్ధతి. పై బంతికి పత్రహరితం లేదు, కింది మూడు పలకల పచ్చ కాడ డ్రాగన్ ఫ్రూట్ జాతిది, తిండి పెట్టేది అదే. అందుకని వెలుతురు కింది కాడకి తగలాలి, దాన్ని రంగురాళ్ళతో కప్పేయకండి. కాడ మెత్తబడితే బంతిని పదునైన కత్తితో అడ్డంగా కోసి, కొత్త డ్రాగన్ ఫ్రూట్ కాడ కొన కూడా అలాగే కోసి, మధ్యలో కనిపించే వలయాలు ఒకదానిమీదొకటి కొంతైనా పడేలా ఆన్చి రబ్బరు బ్యాండుతో బిగించండి. పది రోజులు నీడలో, కోసిన చోట నీటి చుక్క పడకుండా ఉంచాలి. వలయాలు కలవకపోతే బంతి అంటుకున్నట్టే ఉండి నెలలో ముడుచుకుపోతుంది.

మామిడి నర్సరీలో అల్బినో మొలక కనపడి, దాన్ని నిలపాలనిపిస్తే పచ్చ మొలకతో చేరుడు అంటు (రెండూ తమ వేళ్ళ మీదే ఉండగా కాడలు ఆన్చి కట్టే అంటు) కట్టవచ్చు. మామూలు అంటులో అతుక్కున్నాక వేరుమొక్క తల కోసేస్తాం. ఇక్కడ మాత్రం ఆ తల, దాని ఆకులు ఉంచాలి. అవి తీసిన రోజునే తెల్ల కొమ్మ ఆకలి మొదలవుతుంది.

కొనేటప్పుడు చూసుకోవలసినవి

సంతలో, నర్సరీలో పూర్తి తెల్ల ఆకులే ఉన్న చిన్న మొక్కకు ఎక్కువ ధర చెబితే కొనకండి. పచ్చ, తెలుపు కలిసిన ఆకులు కనీసం మూడు, కాడ మీద చార, పచ్చని చిగురు ఉన్నది ఎంచుకోండి. ఆకుల కింద తెల్లదోమ ఉందేమో తిప్పి చూడండి. గులాబీ రంగు ఆకులతో వచ్చే పింక్ కాంగో అనే ఫిలోడెండ్రాన్ రంగు రసాయనంతో తెప్పించినది, కొన్ని నెలల్లో కొత్త ఆకులన్నీ పచ్చగా వస్తాయి. అది జబ్బూ కాదు, మన పెంపకం లోపమూ కాదు. ఫోన్లో "వేరిగేటెడ్ మాన్‌స్టెరా విత్తనాలు" అని అమ్మేవాటికి డబ్బు కట్టకండి. తెల్లమచ్చల మాన్‌స్టెరాను కాడ ముక్క ద్వారానో ప్రయోగశాలలోనో పెంచుతారు, గింజ నుంచి ఆ మచ్చ నమ్మకంగా రాదు.